వలపు ముసుగులో వంచన

పెండ్లిచూపులనాడు ఇంటికి వెల్ల వేయించుట, పొరుగింటి కుర్చీలు తెచ్చి సావడిలో వేయుట మనకు క్రొత్త గాదు. ఉన్నదానిని కొంత మెరుగుపెట్టి చూపుట మానవస్వభావము. ఐనను ఆనాడు మేనమామ పోయి ఊరిలో నలుగురిని విచారించి వచ్చెడివాడు. నేడు చేతిలోని ఫోనే పెండ్లిపెద్ద యైనది. డేటింగు యాప్‌లలోను, వివాహ పరిచయ వేదికలలోను మనకు కనబడునది మనిషి గాదు. ఆ మనిషి తన్నుగూర్చి వ్రాసికొన్న మాటలు మాత్రమే.

ఈ అసత్యములు రెండు తెరగులు. పదేండ్లనాటి ఛాయాచిత్రమును పెట్టుట, వయస్సులో రెండేండ్లు తగ్గించుట మొదటిది. ఇది ముఖాముఖి కలిసిననాడే బయటపడును. పరుల ఛాయాచిత్రమును, లేని ఉద్యోగమును తొడుగుకొని వచ్చుట రెండవది. ఇట్టివాడు ఎదుటపడనే పడడు. కనుకనే అతడు ఎల్లప్పుడును నడిసముద్రమున ఓడలోనో, విదేశపు సైనిక శిబిరములోనో ఉండును.

వారములతరబడి ఉదయము పలకరింపు, రాత్రి కుశలప్రశ్న. పిదప పెండ్లిమాట. అటుపిమ్మట బహుమతుల పెట్టె పంపితినను వార్త. మరునాడు కస్టమ్సు అధికారినని వేరొకరి ఫోను. సుంకము కట్టనిదే పెట్టె విడువరట! పెట్టెయు లేదు, అధికారియు లేడు. కట్టినకొలదియు క్రొత్త రుసుము పుట్టుచుండును. సన్న్యాసి వేషమున వచ్చిన రావణుడు మొదట భిక్షయే గదా యడిగినది!

మోసపోయినవారు తెలివిలేనివారని తలచుట పొరపాటు. ఒక్క 2022లోనే అమెరికాలో ఇంచుమించు 70 వేలమంది ఇట్టి వంచనలనుగూర్చి అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషనుకు తెలిపిరి; వారు చెప్పిన నష్టము 130 కోట్ల డాలర్లు. మోసగాడు వాడుకొనునది మన అజ్ఞానమును గాదు, మన ఒంటరితనమును.

మరి జాగ్రత్త యెట్లు? ఆ ఛాయాచిత్రము వేరొక పేరుతో ఉన్నదేమో ఇంటర్నెట్టులో వెదకవచ్చును. వీడియోలో ముఖము కనబడుటయు చాలిన సాక్ష్యము గాదు; కృత్రిమ మేధతో ముఖమును మార్చుటయు సాధ్యమే. ఎదుట చూడనివారికి పైకము పంపకుండుటయే ఉత్తమము.

మారుపేరుతో కంప్యూటరు ద్వారా మోసగించుట మన దేశమున సమాచార సాంకేతిక చట్టములోని 66డి విభాగము క్రింద నేరము. మూడేండ్లవరకు కారాగారము, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. సొమ్ము పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో, అది చేతులు మారకముందే బ్యాంకు ఖాతాలో నిలుపుదల చేయు అవకాశము కలదు. ఆలస్యమైనకొలది ఆ ఆశ సన్నగిల్లును.

ఆలస్యమునకు కారణము తరచుగా సిగ్గే. ఇంటిలో ఏమందురో యను భయముతో ఎందరో నోరు మెదపరు. ఆ మౌనమే మోసగానికి పెట్టుబడి. కావున మన యింట అక్కయో, కుమారుడో, భార్యను కోల్పోయిన పెదతండ్రియో తలవంచుకొని వచ్చి జరిగినది చెప్పినచో, “ఎట్లు నమ్మితివి?” అని మనము అడుగరాదు. “ఎప్పుడు పంపితివి?” అని అడిగి, ఫోను చేతికి తీసికొనవలెను.