షాంపూ నురగ ఎటు పోతుంది?

ముందుగా ఒక చిన్న పని. మీ బాత్రూంలో ఉన్న షాంపూ డబ్బా వెనక్కి తిప్పి, ఆ చిన్న అక్షరాలు చదవండి. మిథైల్ పారాబెన్, ప్రొపైల్ పారాబెన్, మిథైల్ ఐసోథయజోలినోన్... ఇలాంటి పేరు ఏదో ఒకటి కనిపించొచ్చు. ఇవే ప్రిజర్వేటివ్‌లు.

ఎందుకు కలుపుతారు? షాంపూలో, క్రీములో నీళ్లుంటాయి. నీళ్లున్న చోట బ్యాక్టీరియా, బూజు పుడతాయి. వాటిని పెరగనివ్వకుండా ఈ మందు. కాబట్టి ప్రిజర్వేటివ్ వేయడమే తప్పు అని నేను అనట్లేదు. అది లేకపోతే డబ్బా తొందరగా పాడైపోతుంది.

అసలు ప్రశ్న వేరే. తలస్నానం అయింది, నురగ మోరీలోకి పోయింది. సూక్ష్మజీవుల్ని చంపే గుణం మోరీ దగ్గర ఆగిపోతుందా? ఆగదు కదా!

మన జహీరాబాద్ సంగతే చూడండి. మన వాగు నారింజ. అది కర్ణాటక వైపు పారుతుంది. బీదర్ జిల్లాలో దాన్ని కారంజా అంటారు. అక్కడ మంజీరలో కలుస్తుంది. ఆ మంజీర మళ్లీ మన సంగారెడ్డి జిల్లాకే వచ్చి సింగూరు డ్యాంలో చేరుతుంది. సింగూరు నీళ్లు పైపుల్లో మన జిల్లాకి, హైదరాబాద్‌కి పోతాయి. దారిలో మందు పలచబడుతుంది, కొంత విరిగిపోతుంది, నిజమే. కానీ నది పొడవునా ప్రతి ఊరూ రోజూ కాస్త కలుపుతూనే ఉంటే?

ఇది ఉత్త ఊహ కాదు. తమిళనాడులో కావేరి, వెళ్లార్, తామ్రపర్ణి నదుల నీళ్లు పరీక్షిస్తే పారాబెన్లూ, ట్రైక్లోసాన్ కూడా దొరికాయి. ఆ పరిశోధన 2011లో వచ్చింది. ట్రైక్లోసాన్ అంటే యాంటీ బ్యాక్టీరియల్ సబ్బుల్లో వాడిన మందు. అది నీళ్లలోని నాచుకి విషం. నాచు పోతే దాన్ని తినే చిన్న పురుగులకి, వాటిని తినే చేపకి తిండి పోయినట్టే.

మరి ఆ సబ్బు వల్ల మనకి లాభమైనా ఉందా? మామూలు సబ్బు కంటే ఇది మేలు అని కంపెనీలు రుజువు చేయలేకపోయాయి. అందుకే 2016లో అమెరికా ఎఫ్‌డీఏ చేతులు, ఒళ్లు కడుక్కునే సబ్బుల్లో ట్రైక్లోసాన్‌తో కలిపి 19 మందుల్ని ఆపేసింది. పారాబెన్లకి ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని కొద్దిగా పోలిన గుణం ఉంది. యూరప్ 2014లో వాటిలో ఐదు రకాల్ని కాస్మెటిక్స్ నుంచి తీసేసింది.

'పారాబెన్ ఫ్రీ' అని చూసి మురిసిపోకండి. దాని బదులు ఏం వేశారో చదవండి. మిథైల్ ఐసోథయజోలినోన్ కూడా నీటి జీవులకి హాని చేసేదే. చర్మానికి అలర్జీ కూడా తెస్తుంది.

మరి ఏం చేద్దాం? రెండు పనులు. ఒకటి, ఇంట్లో మామూలు సబ్బు చాలు, షాంపూ సగం చాలు. రెండోది ఇంకా పెద్దది. మంచి శుద్ధి ప్లాంటులో పారాబెన్లు చాలావరకు విరిగిపోతాయి. కాబట్టి మీ వార్డు కౌన్సిలర్‌ని అడగండి: "అన్నా, మన మోరీ నీళ్లు వాగులో కలిసే ముందు ఎక్కడ శుద్ధి అవుతున్నాయి?"

వచ్చిన జవాబు కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!