పసిబిడ్డలు – మరతాబేలు



గోదావరిఖని ప్రాంతమున తట్టా చెమ్మసులతో బొగ్గు నింపిన చేతులెన్నో. ఆ పనిని ఎస్.డి.ఎల్. యంత్రములు గైకొన్నవి. తండ్రి చేతిపని యంత్రమునకు పోయిన యింట, బిడ్డ యంత్రమునకు ఆజ్ఞ యిచ్చునా, దాని ఆజ్ఞకు లోబడునా? ఆజ్ఞ యిచ్చు విద్యను నాలుగేండ్ల ప్రాయముననే ఆరంభింపవచ్చు ననిన నవ్వువారుందురు. నవ్వుటకు ముందు ఈ కథ వినవలెను.

అమెరికాలో 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్ మొదలగువారు పిల్లలకై లోగో అను కంప్యూటరు భాషను నిర్మించిరి. పిమ్మట నేలపై ప్రాకెడి మరతాబేలును దానికి జోడించిరి. కాని అక్షరములు రాని పసివారి మాట యేమి? 1970ల నడుమ, ఎం.ఐ.టి.లో చదువుచున్న రేడియా పెర్ల్‌మన్ అను యువతి వారికై మీటలపెట్టెను, చీటీలు దూర్చెడి పెట్టెను చేసెను. ఒక చీటీకి ముందడుగు, వేఱొక చీటీకి ప్రక్కకు తిరుగుట. బిడ్డ దూర్చిన వరుసనే తాబేలు నడచును. తరువాతి కాలమున మరీనా బేర్స్ బృందము రూపొందించిన కిబో అను మరబొమ్మ కట్టెదిమ్మెల వరుసను బట్టి నడచును, తెరతో పనిలేదు. చంటిబిడ్డ చేతికి ఫోను ఇచ్చి కూడు తినిపించు తల్లులు ఈ మాట గమనింతురు గాక!

బొమ్మ గోడకు తగిలినచో బిడ్డను చీవాట్లు పెట్టువారు లేరు. ఏ చీటీకడ తప్పినదో తానే వెదకికొనును. పద్దులు వ్రాయువారికిది క్రొత్త కాదు. మొత్తము కుదరనిచో చిట్టాను చింపరు; పద్దు వెంట పద్దుగా వెనుకకు పోవుదురు. పెద్దపనిని చిన్నమెట్లుగా విడదీసి, వరుస కూర్చి, తప్పు దిద్దుకొను ఈ నేర్పునే గణనాత్మక చింతన యందురు. 2020 నాటి జాతీయ విద్యావిధానమునను ఈ మాట కలదు.

మన వాకిటి ముగ్గు దీనికి దగ్గఱిచుట్టమే. చుక్కల వరుస తప్పినచో తీగె కలియదు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1974లోనే ముగ్గులను కంప్యూటరు వ్యాకరణముతో వివరించిరి.

ఈ బొమ్మలు ఖరీదైనవి. ప్రతి అంగన్‌వాడీకి కొనుట సులభము కాదు. ముగ్గుపిండికి అంత వ్యయము లేదు. గ్రంథాలయపు అరుగుపై గళ్ళు గీసి, ఒక బిడ్డను మరబొమ్మగా నిలిపి, తక్కినవారిచే ఆజ్ఞ లిప్పింపవచ్చును. "నడువు" అన్నచో ఆ బిడ్డ గోడదాక పోవును. ఎన్నడుగులో ఎవరును చెప్పలేదు గదా!