'నేను' అని రాస్తున్నది ఎవరు?

(కనిగిరిలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకరి స్వంత అనుభవాన్ని మరొకరు 'నేను' అంటూ రాసిపెట్టడం న్యాయమేనా అన్న విషయం మీద మాట్లాడమన్నారు. ఇది రచయితల గొడవ కదా, కనిగిరి, పామూరు, వెలిగండ్ల ఊళ్ళలో తిరిగే మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ ఇక్కడ కూర్చున్న వాళ్ళలో ఎవరికోసమూ ఏదీ రాసిపెట్టని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? హైదరాబాదుకో బెంగళూరుకో బేల్దారి పనికి పోయిన మనుషులకు ఇంట్లో ఆడవాళ్ళ తరఫున ఉత్తరాలు రాసిన పిల్లలం మనం. ఆ తరువాత అర్జీలు రాశాం, పొదుపు సంఘాల తీర్మానాలు రాశాం, పోలీసు ఫిర్యాదులు రాశాం. రాయడం వచ్చిన ఆడదానికి మన సమాజంలో తప్పని పని ఇది. కాబట్టి దీనిలోని మంచిచెడ్డలు మనమే ముందు ఆలోచించుకోవాలి.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. 2003 ప్రాంతంలో, చదువు పూర్తికాక ముందు, ఒక ప్రాజెక్టులో పనిచేశాను. పొదుపు సంఘాల్లోని ఆడవాళ్ళ 'విజయగాథలు' రాయడం నా పని. ఒక్కో గాథ రెండు పేజీలు. మొదటి పేజీలో 'ముందు', రెండో పేజీలో 'తరువాత'. ముందు కష్టాలు, తరువాత అప్పు, బర్రె, పాలు, ఆనందం. అంతా 'నేను', 'నా జీవితం' అనే ఉండాలని ఆఫీసు చెప్పింది. అలా రాస్తే నమ్మకం కలుగుతుందట.

ఈ ప్రాంతంలోనే ఒక ఊరిలో ఒకావిడ దగ్గర రెండు పూటలు కూర్చున్నాను. ఆమె ఎక్కువసేపు మాట్లాడింది నీళ్ళ గురించి. బోరు నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల మోకాళ్ళు పట్టేసి, కింద కూర్చుంటే లేవలేకపోతున్నానన్నది. అప్పుతో కొన్న బర్రె మూడు నెలలు పాలిచ్చింది. కరువులో మేత కొనలేక దాన్ని సగం ధరకు అమ్మి వాయిదాలు కట్టింది. సాయంత్రం టీ తాగుతూ, ఒకప్పుడు మొగుడు తాగొచ్చి కొట్టేవాడని కూడా చెప్పింది. మనసులో మాట చెప్పుకున్నదే గాని రాయమని చెప్పలేదు.

నేనేం రాశాను? మోకాళ్ళ సంగతి తీసేశాను, అది మా ప్రాజెక్టు విషయం కాదు గనుక. కథను బర్రె పాలిస్తున్నచోట ఆపేశాను. మొగుడు కొట్టిన సంగతి మాత్రం మొదటి పేజీలో పెద్దగా పెట్టాను, 'ముందు' అన్న భాగానికి అది బాగా పనికొచ్చింది గనుక. పుస్తకం అచ్చయింది. ఆమె పేరు, ఫోటో, కింద 'నా మాటల్లో' అని శీర్షిక.

ఆ పుస్తకం ఊరు చేరింది. చదువుకున్న కుర్రాడొకడు రచ్చబండ దగ్గర పైకి చదివాడు. పండక్కి ఇంటికొచ్చిన భర్త ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. అత్తగారు ఊరంతా తిట్టింది. ఆమె సంఘానికి రావడం మానేసింది. సంగతి తెలిసి నేను వెళితే, కోప్పడలేదు. "అమ్మాయ్, నేను చెప్పింది నువ్వు రాసుకున్నావు. నువ్వు రాసింది నాకు చెప్పలేదు గదా" అన్నది.

ఇన్నేళ్ళ తరువాత కూడా ఈ విషయంలో ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. ఈరోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మాటకు వివరణ మాత్రమే. ఒకరి కోసం రాసిపెట్టడం తప్పు కాదు. రాసింది వారికి తిరిగి వినిపించకుండా, కొట్టేసే హక్కు వారికి ఇవ్వకుండా, కింద వారి పేరు పెట్టడం తప్పు. ఎందుకంటే ఆ 'నేను' అన్న మాటకు మూల్యం చెల్లించేది రాసినవాళ్ళు కాదు, ఎవరి పేరు ఉందో వాళ్ళు.

చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. పోలీస్ స్టేషన్లో ఒకరు నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న అధికారి, దాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి, ఆ తరువాతే సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ ఇదే చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కూడా ఇదే చెబుతోంది. ఆచరణలో ఎంతమంది ఆడవాళ్ళకు చదివి వినిపిస్తున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయినా సూత్రం ఉంది. పోలీసులను మనం అడిగే ఈ కనీస మర్యాదను, ఆడవాళ్ళ పక్షాన పనిచేస్తున్నామనుకునే మనం పాటించామా? నేను పాటించలేదు.

సాహిత్యంలో ఈ ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'ఇల్లాలి ముచ్చట్లు' అనే శీర్షిక వచ్చేది. రాసినవారి పేరు పురాణం సీత. ఇల్లు, భర్త, ధరలు, ఇరుగుపొరుగు, రాజకీయాలు అన్నీ ఒక ఇల్లాలు మనతో కబుర్లు చెబుతున్నట్టే ఉండేవి. ఆడవాళ్ళు ఇష్టంగా చదివారు. రాసింది మాత్రం పత్రిక సంపాదకుడు పురాణం సుబ్రహ్మణ్య శర్మ. అంతకుముందు నుంచే నవలా రంగంలో రచయిత్రుల హవా వీస్తుండటంతో మరికొందరు మగవాళ్ళు కూడా ఆడపేర్లతో రాశారు. భార్యాభర్తలిద్దరూ కలిసి 'బీనాదేవి' అన్న ఒకే పేరుతో రాయడమూ జరిగింది.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కథకు, నవలకు కలంపేరు పెట్టుకోవడం రచయిత స్వేచ్ఛ. 'ఇల్లాలి ముచ్చట్లు' రాసిన చేతిలోని హాస్యాన్నీ సరళతనూ నేను తక్కువ చేయడం లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఇల్లాలి అనుభవానికి పత్రికలో ఒక స్థలం ఉందని, దానికి పాఠకులున్నారని సంపాదకుడు గుర్తించినప్పుడు, ఆ స్థలంలో నిజమైన ఇల్లాలు ఎందుకు కూర్చోలేకపోయింది? రోజంతా వంటింట్లో గడిపే ఆడదానికి వారం వారం రాసే తీరిక ఎవరిచ్చారు? ఆమె రాసినా ఆ ముచ్చట్లు అంత ముచ్చటగా ఉండేవా? ఆడగొంతును అనుకరించవచ్చు. కానీ అనుకరించిన గొంతు ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలిగించే మాట ఎంతవరకు చెబుతుందన్నది అనుమానమే. నేను రాసిన విజయగాథలోనూ జరిగింది అదే. ఆఫీసుకు ఇబ్బంది కలిగించే మాట ఒక్కటీ అందులో లేదు.

ఇది చిన్న విషయం కాదు. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ళ వేధింపులను అరికట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. అప్పులు తీర్చలేక ఆత్మహత్యలు జరిగిన తరువాత గాని ఆ బాధ బయటికి రాలేదు. అంతకు ఏడేళ్ళ ముందే వాయిదాల కోసం బర్రెను అమ్ముకున్న ఆడది నాకు ఆ బాధ చెప్పింది. నేను దాన్ని కొట్టేశాను. ఒకరి 'నేను'ను మనం అవసరానికి తగ్గట్టు దిద్దినప్పుడు పోయేది ఒక మనిషి మాట మాత్రమే కాదు, సమాజానికి ముందుగా అందవలసిన హెచ్చరిక కూడా.

మరి ఎలా రాయాలి? దారి చూపిన పుస్తకాలు మనకున్నాయి. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చూడండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న చిట్యాల ఐలమ్మ వంటి ఆడవాళ్ళ మాటలను వెతికి, విని, వారు మాట్లాడిన భాషకు దగ్గరగా అచ్చువేశారు. విన్నది ఎవరో, చెప్పింది ఎవరో పాఠకులకు తెలుసు. పోరాటం గర్వంతో పాటు, పోరాటం ముగిశాక ఇంటికి పొమ్మన్నప్పటి ఒంటరితనమూ అందులో ఉంది. 2019లో వచ్చిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా'లో కథనం విమల, కాత్యాయనిలదని పుస్తకంలోనే ఉంది. దానివల్ల స్వరాజ్యం గారి గౌరవం ఏమైనా తగ్గిందా? రాసినవారి పేరు కనబడితే చెప్పినవారి మాట పలచనవుతుందన్నది ఉత్త భయం.

ఇక కొండపల్లి కోటేశ్వరమ్మ గారు తొంభై దాటిన వయసులో 2012లో 'నిర్జన వారధి' ప్రచురించారు. ఒంటరిగా మిగిలాక మళ్ళీ చదువుకొని, ఉద్యోగం చేసి, తన బతుకును తానే రాసుకున్న మనిషి ఆమె. "ఈ వయసులో ఆమెకేం వస్తుంది, మేం రాసిపెడతాం" అనే ముందు ఆమెను తలుచుకోవడం మంచిది.

కేరళలో సెక్స్ వర్కర్ల హక్కుల కోసం పనిచేసిన నళినీ జమీలా అనుభవం ఇంకా పదునైనది. ఆమె ఆత్మకథ 2005లో మొదట మరొకరి సహాయంతో వెలువడింది. అచ్చయ్యాక చూసుకుంటే అందులోని గొంతు తనది కాదనిపించింది. ఊరుకోలేదు. అదే జీవితాన్ని మళ్ళీ తనకు నచ్చిన తీరులో చెప్పి రెండో పుస్తకం తెచ్చింది. ఆమెకు ఆ అవకాశం దొరికింది. మన ఊరి ఆవిడకు ఎవరిస్తారు?

మన పక్కనే జరిగినది కూడా ఒకటి చెప్పుకోవాలి. 1970లో కొత్త జిల్లా ఏర్పడే దాకా మన కనిగిరి నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని ఆపించారు. అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేసేవాళ్ళు ఆ అనుభవాన్ని 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠంగా రాశారు. రాసింది చదువుకున్నవాళ్ళే. కానీ ఆ పాఠం ఎక్కడికి వెళ్ళింది? ఆఫీసు బీరువాలోకి కాదు, రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లోకి. వాళ్ళు చదివారు, వాదించుకున్నారు, మా ఊళ్ళో ఎందుకు చేయలేమని లేచారు. 1992లో అది ఉద్యమమై, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రాసిపెట్టడం ఎప్పుడూ ద్రోహమే అనలేమని దూబగుంట నేర్పుతోంది. ఆడవాళ్ళ నుంచి తీసుకున్న మాట ఆడవాళ్ళకే తిరిగి చేరినప్పుడు దానికి వచ్చే బలం వేరు.

మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. "బాధితురాలి పేరు బయటపెట్టకూడదు కదా, దాచడమే మంచిది కదా" అని. నిజమే. అత్యాచార బాధితురాలి గుర్తింపు వెల్లడించడం చట్టప్రకారం నేరం. కానీ ఆమె పేరు దాచడం ఆమె రక్షణ కోసం. రాసినవాళ్ళు తమ చేతిని దాచుకోవడం తమ సౌకర్యం కోసం. ఈ రెండింటినీ కలపకూడదు.

ఇంకోవైపు, డబ్బుకు రాసిపెట్టే అమ్మాయిల సంగతి కూడా ఉంది. నాయకులకు ప్రసంగాలు, పెద్దమనుషులకు ఆత్మకథలు, ఫేస్‌బుక్‌లో 'నా మనసులో మాట' అనే రాతలు. పేజీకి ఇంత అని కూలి, పేరు ఉండదు. ఇంటిపనికి పేరు లేనట్టే దీనికీ లేదు. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నాక కూడా ఈ రచన నాదని చెప్పుకునే ప్రత్యేక హక్కు రచయితకు ఉంటుంది. ఉపాధి కోసం నోరు మూసుకోవలసి వచ్చినవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే కనీసం ఒప్పందం కాగితం అడిగే ధైర్యమైనా వస్తుంది. సర్పంచిగా గెలిచిన ఆడమనిషి పేరుతో ఆమె భర్త ప్రకటనలు రాసి పంపుతుంటే, అక్కడ మాత్రం రాసేవాడు కూలివాడు కాదు, యజమాని. ఎవరు ఎవరికోసం రాస్తున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు. కొట్టేసే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది చూడాలి.

చివరిగా, రేపటి నుంచి మనం చేయగల పనులు చెప్పి ముగిస్తాను. ఎందుకు రాస్తున్నామో, ఎవరు చదువుతారో ముందే చెబుదాం. రాసింది మొత్తం చదివి వినిపిద్దాం, తొందరపెట్టకుండా. ఆమె వద్దన్నది, అది ఎంత మంచి వాక్యమైనా, కొట్టేద్దాం. ఆమె ముఖ్యమన్నది, మనకు పనికిరాకపోయినా, ఉంచుదాం. 'విన్నది, రాసింది' అని మన పేరు వేసుకుందాం. అచ్చయిన మొదటి ప్రతి ఆమెకే ఇద్దాం. డబ్బులేమైనా వస్తే వాటా ఇద్దాం. అన్నిటికంటే, ఆమె తానే రాస్తానంటే అక్షరదోషాల సాకుతో కలం లాక్కోకుండా ఉందాం.

ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు ఆ ఊరు మళ్ళీ వెళ్ళాను. ఆమె మోకాళ్ళు ఇంకా పాడయ్యాయి, మంచం దిగడం కష్టంగా ఉంది. ఈ ప్రసంగంలో ఆమె గురించి చెప్పబోయే భాగాన్ని రాసి తీసుకువెళ్ళి, పక్కన కూర్చొని చదివాను. ఊరి పేరు తీసెయ్యమన్నది, తీసేశాను. మొగుడి సంగతి ఉంచమంటావా అక్కా అని అడిగితే, కాసేపు ఆలోచించి, "ఆయన పొయ్యాడు గదా, ఉండనీ. నీళ్ళ సంగతి మాత్రం ఈసారి మర్చిపోబాక" అన్నది.

అందుకే ముందుగా నీళ్ళ సంగతి చెప్పాను.