వద్దనే మాటలో ఉన్న లెక్క

(గాండ్లపెంటలో జరిగిన స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)

ఈ మండలంలో ఊరూరా సైకిలు మీద తిరిగి సేద్యం విషయాలు చెప్పిన ఒక గ్రామసేవకుడిని తలుచుకోవడానికి మనం ఇక్కడ చేరాం. సారు పద్ధతి గురించి ఆయనతో తిరిగినవాళ్లందరూ ఒకే మాట చెప్తారు. కొత్త విత్తనం సంగతి ఎత్తగానే రైతు 'వద్దు సార్' అంటే ఆయన వాదనకు దిగేవారు కాదు. అరుగు మీద కూర్చుని, నోటుబుక్కులో నిలువుగా ఒక గీత గీసి, 'ఎందుకు వద్దో ఒక్కొక్కటే చెప్పు నాయనా' అనేవారు. మార్పుకు తోడయ్యేవి గీతకు ఎడమవైపు, అడ్డొచ్చేవి కుడివైపు. కుడివైపు నిండాకే ఎడమవైపుకు వెళ్లేవారు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ కుడివైపు గురించే.

సారు చేసిన పనికి శాస్త్రంలో ఒక చరిత్ర ఉంది. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1890లో నేటి పోలండ్‌లోని ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. హిట్లర్ గద్దెనెక్కిన 1933లో జర్మనీ వదిలి అమెరికా చేరాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ మాంసం కొరత వచ్చింది. గుండెకాయ, మూత్రపిండాలు లాంటివి వండుకోమని ప్రభుత్వం చెప్తే ఇల్లాళ్లు ముఖం తిప్పుకున్నారు. లెవిన్ బృందం కొందరు గృహిణులకు వాటిలోని పోషకాల మీద మంచి ఉపన్యాసం ఇప్పించింది. ఇంకొందరిని కూర్చోబెట్టి, వాసన గురించి, ఇంట్లోవాళ్లు తినరనే దిగులు గురించి వాళ్లచేతనే మాట్లాడించి, చివరికి వాళ్లనే నిర్ణయించుకోమంది. ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి ముగ్గురే వండారు. మాట్లాడుకుని నిర్ణయించుకున్నవాళ్లలో నూటికి 32 మంది వండారు.

ఇలాంటి ఫలితాల వెనక లెవిన్ చూసింది ఇది. మనిషైనా సంస్థైనా ఉన్నచోట ఉందంటే, ముందుకు నెట్టేవీ వెనక్కి పట్టేవీ సరిసమానంగా ఉన్నాయని అర్థం. నెట్టుడు పెంచితే కదలిక కంటే ముందు పెనుగులాట పెరుగుతుంది. పట్టి ఉంచినదాన్ని సడలిస్తే తక్కువ బలంతోనే కదలిక వస్తుంది. చక్రం కింద రాయి ఉండగా ఎద్దుల్ని బాదితే వాటి వీపు చిట్లుతుంది గానీ బండి కదలదు.

ఇక మన ఉమ్మడి అనంతపురం జిల్లా సేద్యం చరిత్రకు వద్దాం. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపుతాయి. ఈశాన్య రుతుపవనం మన దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటి ఎర్రనేలలో మన పెద్దలు కొర్ర, సామ, సజ్జ, జొన్న, కంది, ఉలవ కలిపి వేసేవాళ్లు. ఒకటి ఎండితే ఇంకొకటి మిగిలేది. ఆ చేలల్లోకి శెనక్కాయ వచ్చింది. దాన్ని నెట్టినవి అందరికీ తెలుసు: చేతికి డబ్బు, నూనె మిల్లులు, అప్పిచ్చే బ్యాంకు, 1986లో కేంద్రం మొదలుపెట్టిన నూనెగింజల మిషన్. మరి వెనక్కి పట్టింది ఏది? 'శెనక్కాయలు వేస్తే తినేదానికి గింజలెక్కడివి?' అనే భయం. ఆ భయాన్ని తీసింది వ్యవసాయ శాఖ కాదు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం తీసింది. చౌకదుకాణంలో బియ్యం దొరికాక, కొర్రలు దంచే చాకిరీ తప్పాక, ఉమ్మడి అనంతపురం జిల్లాలో శెనక్కాయ ఒక దశలో దాదాపు 8 లక్షల హెక్టార్లకు పాకింది.

అయితే అడ్డు పోయిందంటే మేలే జరిగిందని కాదు. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చింది. ఆ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని శెనక్కాయ మొక్క మీదికి చేరుస్తాయి. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిని, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం వచ్చిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అప్పుడు వాళ్లు ఇచ్చిన సలహాల్లో ఒకటి, చేను చుట్టూ కొన్ని సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా వేయమని. పురుగు ఆ గట్టు పంట దగ్గరే ఆగుతుంది. ఏ జొన్నను, ఏ సజ్జను చేలోంచి పంపేశామో వాటినే కాపలాకు మళ్లీ పిలవాల్సి వచ్చింది. తిండిగింజలు వదలనని మొండికేసిన ఆనాటి రైతు మాటలో భయమే కాదు, తరాల అనుభవం కూడా ఉంది. దాన్ని ఎవరూ రాసిపెట్టుకోలేదు.

విత్తనం కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. టీఎంవీ-2 అనే రకం 1940లో తమిళనాడులోని తిండివనం పరిశోధన స్థానం నుంచి వచ్చింది. తర్వాత ఎన్నో మంచి రకాలు విడుదలైనా మన రైతు అరవై ఏళ్లకు పైగా దాన్ని వదల్లేదు. బయటివాళ్లు దాన్ని చాదస్తం అన్నారు. రైతు పక్కన కూర్చుని కుడివైపు రాస్తే కనిపించేది వేరు. గింజ చిన్నది కాబట్టి ఎకరాకు విత్తనం బరువు తక్కువ, ఖర్చు తక్కువ. కాలపరిమితి తక్కువ. వ్యాపారికి తెలిసిన కాయ కాబట్టి ధర దగ్గర పేచీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, పదును వాన పడిన రోజు చేతికి దొరికే విత్తనం అదొక్కటే. కొత్త రకం గురించి పేపర్లో ఎంత రాసినా మూట ఇంటికి రాకపోతే గొర్రు వెంట పోసేది ఏమిటి?

మార్పు వచ్చింది ఈ అడ్డుల్ని ఒక్కొక్కటే తీసినప్పుడు. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, అనంతపురం పరిశోధన స్థానం, ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు కలిసి కొత్త రకాల్ని రైతుల చేలల్లోనే పక్కపక్కన వేయించి, ఎంపిక వాళ్లకే వదిలేశారు. అలా నిలిచినవాటిలో ఐసీజీవీ 91114 ఒకటి. రైతులు కాయ ఒక్కటే చూసి ఊరుకోలేదు, కట్టె కూడా చూశారు. పశువు ఇష్టంగా తినే కట్టె కాబట్టి ఇంట్లో ఆడవాళ్లూ సరేనన్నారు. మన కదిరి పరిశోధన స్థానం ఇచ్చిన కదిరి-6 ఊరూరా నిలిచింది. 2020 ప్రాంతంలో కదిరి లేపాక్షి వచ్చింది. పొరుగువాడి చేలో కంటితో చూసిన పంట ముందు ఏ ప్రచారమూ నిలవదు.

ఇప్పుడు మళ్లీ చిరుధాన్యాల మాట వినిపిస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అంది. షుగరుకు మంచిదని, నేలకు మంచిదని ఎన్నో సభల్లో చెప్తున్నారు. నేను ఒకటే అడుగుతాను: ఆ కొర్రల్ని దంచేదెవరు? పొట్టు వదలని ఆ గింజ వెనక ఒక ఆడమనిషి రెండు భుజాలు ఉన్నాయి. పొట్టు తీసే యంత్రం ఊళ్లో లేకుండా కొర్రన్నం గొప్పతనం చెప్పడమంటే ఆమెను ఇంకో గంట ముందు లేవమనడమే. మన జిల్లాలోనే చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఈ సంగతి గ్రహించింది. రైతుల సహకార సంఘం ధరణి ద్వారా గింజ కొనడం, పొట్టు తీయడం, అమ్మడం దాకా ఏర్పాటు చేసింది. ఉపన్యాసం తీయలేని అడ్డును అక్కడ యంత్రం, సంఘం కలిసి తీశాయి.

ఇంటి సంగతీ ఇంతే. పదో తరగతి అయ్యాక ఆడపిల్ల చదువు ఆగితే తల్లిదండ్రుల్ని తప్పుపడతాం. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కించారు. హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే ఈ పెరుగుదల ఎక్కువ. అక్కడి నాన్నలకు చదువంటే ద్వేషం లేదు, దారంటే దిగులు. మన ఇళ్లలోనూ 'కదిరి కాలేజీకి వద్దులే' అనే మాట వెనక సాయంత్రం బస్సు లేకపోవడం ఉండవచ్చు. బస్సు వేయించడం ఊరి పని, ఆ ఇంటి పని కాదు.

కాబట్టి ఈ సభ సాక్షిగా ఒకటి కోరుతున్నాను. రేపటి గ్రామసభలోనైనా, సంఘం సమావేశంలోనైనా, ఇంట్లో పెళ్లి మాటల దగ్గరైనా, వద్దన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పిన ప్రతి కారణం పక్కన మూడు ప్రశ్నలు రాయండి: ఇది తీసేయాల్సిన అడ్డా, కాపాడుకోవాల్సిన జాగ్రత్తా, తీయాలంటే అది ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా? ఆ మూడో ప్రశ్నకు జవాబుగా ఒక పేరు, ఒక తేదీ రాసేదాకా ఏ తీర్మానానికీ చేయి ఎత్తకండి. సారుకు మనం ఇవ్వగలిగిన గౌరవం అదే.