తారుమారు కాని సంఖ్య
(సూళ్లూరుపేట సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

షార్‌లో రిటైరైనవారి ముందు లెక్కలు మాట్లాడటం సాహసమే.

9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో 27994681ని 441తో హెచ్చవేయించాడు. లబ్ధం 12345654321. ఎటునుంచి చదివినా ఒకటే, మెడలో హారం మాదిరి. 111111ని దానితోనే హెచ్చవేసినా ఇదే వస్తుంది. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించాడు.

పింఛను అంకెలకు ఆ భాగ్యం లేదు. నా ఉత్తర్వులో 4320కి బదులు 3420 పడింది. తేడా 900, తొమ్మిదితో భాగిస్తే శేషం లేదు. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ అంతే. గుమాస్తా పనిలో నేర్చిన కిటుకది. ఆ ఆధారంతో అర్జీ పెట్టాను. పదకొండు నెలలకు సవరించారు. మీ ఉత్తర్వులూ తీసి చూడండి, ముఖ్యంగా కుటుంబ పింఛను అందుకుంటున్న అమ్మలు.