బాగుగా కాపాడిన పాతబండి



అఱువదియేండ్లు దాటిన తెలుగు పండితుడొకడు మోటారుసైకిలును గూర్చి ప్రసంగించుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. శబ్దశాస్త్రము చదివినవాడు తుదకు శబ్దము చేయు బండిలో పడినాడని నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును. కాని మన పెద్దలు ఎడ్లజతను కొనునపుడు పండ్లు చూచి వయస్సు తెలిసికొని, సుడులు చూచి, కాడికి కట్టి నడిపించి, అమ్మువాని మాటను కాక ఎద్దు నడకను నమ్మి కొనెడివారు గదా! పాతయంత్రమును కొనుటయు అట్టి పనియే. 2024వ సంవత్సరమున నేనొక పాత జపాను బండిని కొంటిని. ఆ కొనుబడిలో ఒకమాఱు మోసపోబోయితిని, ఇంకొకమాఱు మోసగింపబోయితిని. ఆ రెండును మీకు చెప్పెదను.

బండి పేరు యమహా ఆర్.ఎక్స్. 100. మీ గ్రామములలో దీనిని ఎఱుగనివారుండరు. జపాను దేశపు యమహా కంపెనీతో కలిసి మన దేశమున ఎస్కార్ట్స్ కంపెనీవారు 1985 చివర దీనిని విడుదల చేసిరి. 1996 మార్చి వరకు ఇది తయారయ్యెను. దీని సిలిండరు కొలత 98 ఘనసెంటీమీటర్లు. అనగా ఒక చిన్న టీగ్లాసులో పట్టునంత. ఆ గ్లాసెడు చోటులో పదునొకండు గుఱ్ఱముల బలము పుట్టును. బండి బరువు సుమారు 100 కిలోలు మాత్రమే. బరువు తక్కువ, బలము ఎక్కువ అగుటచే అది విల్లు విడిచిన బాణమువలె పోవును. 1987లో నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో మా పాఠశాలకు లెక్కల మాస్టారొకరు ఈ బండిపై వచ్చెడివారు. మలుపునకు అవతలనుండగనే దాని ధ్వని వినబడెడిది. పిల్లలు కూర్చున్న బల్లలు విడిచి కిటికీలకడకు పోయెడివారు. సైకిలు త్రొక్కుకొని వచ్చు నాకు అప్పుడు పుట్టిన కోరిక ముప్పదియేడేండ్ల తరువాత తీఱినది.

ఆ ధ్వనికి కారణమున్నది. సామాన్యమగు ఇంజనులో రోకలివంటి పిస్టను రెండుమాఱులు పైకి పోయి, రెండుమాఱులు క్రిందికి వచ్చిన గాని ఒకమాఱు మంట పుట్టదు. ఈ బండిలో పిస్టను పైకి పోయి వచ్చిన ప్రతిమాఱును మంట పుట్టును. అందుచే చిన్నయింజనుకు పెద్దబలము. అయితే దీనియందు నూనె పెట్రోలుతో కలిసి తానును మండును. కొంత పెట్రోలు కాలకయే పొగతోపాటు వెలుపలికి పోవును. 1996 ఏప్రిలు నుండి పొగను గూర్చిన నిబంధనలు కఠినములయ్యెను. ఈ బండి తయారీ ఆగిపోవుట ఆ కాలముననే. బండి నిలిచిపోయినది గాని దాని ఖ్యాతి నిలువలేదు. నేడు పడుచువారు దీనికొఱకు లక్షకు దగ్గఱగా, మంచిదైనచో అంతకు మించియు ఇచ్చుచున్నారు.

దీని పుట్టిల్లును గూర్చి ఒకమాట. జపానులో హమామత్సు అను పట్టణము కలదు. అది పూర్వము నేతపనికిని, కొయ్యపనికిని ప్రసిద్ధి. లోకమంతట తిరుగు మోటారుసైకిళ్ల కంపెనీలు మూడు ఆ ప్రాంతమున పుట్టినవే. సొయిచిరో హోండా కమ్మరి కొడుకు. యుద్ధానంతరము 1946లో, సైన్యపు వైర్‌లెస్ యంత్రములకు విద్యుత్తునిచ్చు చిన్న యింజన్లు మిగిలిపోగా వానిని సైకిళ్లకు బిగించి అమ్మినవాడు. మిచియో సుజుకి 1909లో మగ్గములు చేయు కర్మాగారము పెట్టినవాడు. తొరకుసు యమహా కథ నావంటి బడిపంతులుకు మఱింత ఇష్టము. 1887లో ఒక ప్రాథమిక పాఠశాలలో చెడిపోయిన ఆర్గను వాద్యమును బాగుచేయ వచ్చి, అట్టిదానిని తానే చేయ నేర్చినాడు. ఆయన నెలకొల్పిన వాద్యముల సంస్థ యుద్ధకాలమున విమానములకు పంకారెక్కలు చేసెను. యుద్ధము ముగిసినపిమ్మట ఆ పనిముట్లు ఊరక పడియుండగా, వాని ఆధారముతో 1955లో మొదటి మోటారుసైకిలు వెలువడెను. నేటికిని ఆ కంపెనీ చిహ్నము శ్రుతి చూచుకొను మూడు లోహపు పంగలే. ఈ బండిని కొనువాడు కన్నులకంటె చెవులను నమ్ముకొనుట మంచిదని నాకు తోచుటకు ఇదియొక కారణము.

ఇక మోసపోబోయిన కథ. బెజవాడలో ఒక దుకాణమున మంచి బండి కలదని తెలిసి పోయితిని. నల్లని బండి, అద్దములో ముఖము చూచుకొన్నట్లు టాంకులో చూచుకొనవచ్చును. చువ్వలు వెండితీగెలవలె మెఱయుచున్నవి. తొంబదియైదువేలని చెప్పిరి. ఒక త్రొక్కుతో మ్రోగినది. నా చెవికి 1987 వినబడినది. వెంటనే రెండువేలు బయానా ఇచ్చివేసితిని. పండితుని బుద్ధి అంతవఱకే.

మఱునాడు మెకానికు పని చేయుచున్న నా పాతశిష్యుని వెంటబెట్టుకొని పోయితిని. వాడు బండిని త్రొక్కలేదు. ముందుగా ఇంజనుపై అరచేయి పెట్టి, "మాస్టారూ, వేడిగా ఉందండి. మనం వచ్చేముందే స్టార్టు చేసి ఉంచారు" అనెను. చల్లబడిన యింజను మొదటి త్రొక్కులకు పలుకుట లేదా అన్నది కొనువానికి తెలియవలసిన మొదటి సంగతి; అది తెలియకుండ చేసిరి. తరువాత వాడు జేబులోనుండి చిన్న అయస్కాంతమును తీసి టాంకుపై జరిపెను. ఒకచోట అది అంటక జాఱిపడెను. అచట ఇనుము లేదు; సొట్టను లప్పముతో పూడ్చి, దానిపై రంగు వేసినారు. టార్చి వేసి టాంకులోనికి చూపగా లోపల ఎఱ్ఱని త్రుప్పు. తుదకు హ్యాండిలు క్రింద మెడభాగమున కొట్టిన ఛాసీ అంకెలపై కాగితము పెట్టి పెన్సిలుతో రుద్దెను. అంకెలు ఒక వరుసలో లేవు. రెండింటిచుట్టు ఆకురాయితో గీచిన గుర్తులు పడినవి. ఇంజను పెట్టెపై అంకెకు రిజిస్ట్రేషను పత్రములోని అంకెకు పొత్తులేదు. అనగా ఒక బండి తల, ఇంకొక బండి గుండె. దొంగసొత్తేమో, కాదేమో, ఆ చిక్కు నాకేల? బయటపడితిమి. ఆ రెండువేలు తిరిగి రాలేదు. శిష్యుడు గురువునకు పాఠము చెప్పినందుకు దక్షిణ అనుకొంటిని.

ఆ శిష్యుడు త్రోవలో ఇంకొన్ని చెప్పెను. చల్లని యింజను మొదట కొంత నీలిపొగ విడుచుట సహజము. అది నూనె పొగ. కాని వేడెక్కిన పిమ్మటను దట్టమైన తెల్లపొగ వచ్చుచు, గేరుపెట్టెలోని నూనె తగ్గుచున్నచో లోపలి సీలు పోయినదని తెలియవలెను. త్రొక్కుడు కడ్డీని చేతితో మెల్లగా నొక్కినపుడు అది ఎదురు తిరుగవలెను. మెత్తగా దిగిపోయినచో సిలిండరు అఱిగినది. లోపలనుండి రోటిలో రాయి పడినట్లు చప్పుడు వినబడినచో ధర యెంతయని యడుగకయే ఇంటికి రావలెను.

రెండవ బండి దివిసీమలో దొరికినది. అవనిగడ్డకు దాపున ఒక గ్రామము. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఒకాయన 1989లో క్రొత్తగా కొన్న బండి అది. ఆయన 2022లో స్వర్గస్థుడయ్యెను. భార్య ఒక్కతెయే ఆ యింట నున్నది, కొడుకు హైదరాబాదులో. సముద్రము దగ్గఱ అగుటచే అచటి గాలికి ఇనుప కిటికీచువ్వలు సయితము పొరలు పొరలుగా రాలుచుండును. అట్టి చోట బండి యే రూపమున నుండునో అని నిరాశతోనే పోయితిని.

వసారాలో కొయ్యపలకపై, పెద్దస్టాండు వేసి, పాతదుప్పటి కప్పి యుంచిరి. దుప్పటి తీసితిని. ఎఱుపు రంగు వెలిసినది. మోకాళ్లు తగులుచోట రంగు అఱిగి లోహము కనబడుచున్నది. మెఱుపు ఎచటను లేదు. త్రుప్పును ఎచటను లేదు. ప్రతి ఆదివారము ఆయన నూనెగుడ్డతో చువ్వలను, చక్రపు అంచులను తుడిచెడివాడట. టాంకు లోపల చూడగా శుభ్రముగా నుండెను. ఆయన పోయిన తరువాత ఆమె ప్రక్కింటి కుఱ్ఱవానిచేత వారమునకొకమాఱు స్టార్టు చేయించి, కాసేపు మ్రోగనిచ్చి ఆపించుచుండెను. ఎందుకమ్మా యని యడుగగా, "ఆయన ఊరెళ్తే అలాగే చేయించేవారు మాస్టారూ. నాకు తెలిసింది అదే" అనెను. ఇంజను చల్లగా నున్నది. రెండవ త్రొక్కుకు పలికినది. కొంత నీలిపొగ, తరువాత నిర్మలము. శ్రుతి కలిసిన తంబూరవలె ఆ ధ్వని నిలుకడగా నుండెను.

ఆమె ఒక పాత నోటుపుస్తకము తెచ్చి యిచ్చెను. అందు 1989 నుండి, ఏనాడు పెట్రోలు పోయించెను, ఏనాడు గొలుసు మార్పించెను, సైలెన్సరు విప్పి మసి యేనాడు తీయించెను, ఏ రాత్రి ఏ ఊరికి ఈనలేని గేదె కొఱకు పోయెను, అన్నియు చిన్న చిన్న అక్షరములలో నున్నవి. ఆయనకు బండి పనిముట్టు. ముప్పదిమూడేండ్లు దానితో బ్రతికెను.

ధర యెంతయని అడిగితిని. "పాత ఇనుము కొనేవాడు మూడున్నర వేలిస్తానన్నాడండి. ఎనిమిది వేలివ్వండి" అనెను.

శ్రోతలారా, నా జేబులో పదివేలున్నవి. దాచుట యెందులకు? ఎనిమిదివేలు తీసి చేతపట్టుకొంటిని. ఆమె చెప్పిన ధరయే గదా, నేను తగ్గింపలేదు గదా, ఇనుపవాడు ఇచ్చుదానికి రెట్టింపు కంటె మించినది గదా, అని నా మనస్సు శీఘ్రముగా అన్వయము చెప్పుకొనెను. వ్యాకరణము చదివినవానికి తప్పును సాధువుగా నిరూపించుట కష్టము కాదు. అంతలో ఆమె మజ్జిగగ్లాసు నా చేతికిచ్చి, నా మౌనమును చూచి, "ఎక్కువ చెప్పానా మాస్టారూ?" అనెను.

ఆ ప్రశ్నకు నోట ఏ అబద్ధమును రాలేదు. "అమ్మా, చాల తక్కువ చెప్పితివి. ఇట్టి బండికి పట్టణమున లక్షకు దగ్గఱగా ఇత్తురు. అంత ఇచ్చుటకు నాకు శక్తి లేదు. ఎనుబదివేలవఱకు నేనీయగలను, అదియు ఒక్కసారిగా కాదు. మీ అబ్బాయిని అడిగి చెప్పుము" అంటిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "ఆయనకి కూడా ఈ సంగతి తెలీదేమోనండి" అనెను.

ఇంటికి వచ్చితిని. దానిని గూర్చి నేను సంతోషించితినని మీరు తలంపవలదు. రెండు నెలలు కబురు లేదు. రాత్రులు నిద్రపట్టక, ఆ మజ్జిగ త్రాగకుండ వచ్చియుంటినేని బండి మన వాకిట నుండెడిదిగదా యని విచారించితిని. మా యింటిది, "ఎనిమిది వేలకి వచ్చేదాన్ని మీరే లక్ష చేసి వచ్చారు" అని ఎత్తిపొడిచెను. ఆ మాటకు నాకడ సమాధానము లేకుండెను.

తరువాత హైదరాబాదునుండి కొడుకు ఫోనుచేసెను. ఒకరు లక్షా పదివేలు ఇత్తుమనిరట. అయితే వారు బండిని విప్పి, టాంకు మార్చి, పందెపుబండివలె చేయుదుమని చెప్పిరట. తల్లి ఒప్పుకొనలేదు. "మీరు రంగు వెయ్యనంటే ఎనభైకి ఇచ్చేయమంటోంది మాస్టారూ" అని అతడనెను. ఏబదివేలు వెంటనే, ముప్పదివేలు మూడు నెలలలో అని కుదిరినది.

కాగితముల పని చెప్పక తప్పదు. సొంతవాహనమునకు రిజిస్ట్రేషను పదునేనేండ్లు చెల్లును. ఆపైన అయిదేండ్లకొకమాఱు బండిని చూపించి పొడిగించుకొనవలెను. కాంపౌండరు గారు 2004, 2009, 2014, 2019లలో తప్పక చేయించిరి. 2024లో చేయించుటకు ఆయన లేడు. యజమాని చనిపోయినచో వారసులు 31వ ఫారముపై ముందు తమ పేరునకు మార్పించుకొనవలెను. ఆమె అట్లు చేయించి, గడువు పొడిగించిన తరువాతనే 29, 30 ఫారములపై నా పేరునకు వచ్చెను. ఇతర రాష్ట్రమునుండి కొనువారికి 28వ ఫారముపై అచటి అధికారి అభ్యంతరము లేదని ఇచ్చు పత్రము కావలెను. బండిపై పూర్వము అప్పు తీసికొనియున్నచో 35వ ఫారము చూడుడు. అప్పు తీర్చినను ఆ కాగితము లేక ఇబ్బందిపడినవారు కలరు. భీమా లేక రోడ్డెక్కరాదు. ఇంకొక విశేషము: 2021లో పురాతన వాహనములకు ప్రత్యేకమగు నిబంధనలు చేసిరి, అవి ఏబదియేండ్లు దాటినవానికే. లోకము దీనిని పురాతనమని ముద్దుగా పిలుచుకొన్నను, 1985లో వచ్చిన మొదటి బండికైనను 2035వఱకు చట్టము ఆ పేరు పెట్టదు.

ఇప్పుడు బండి మా వసారాలో కొయ్యపలకపై నున్నది. ముప్పదియైదు కిలోమీటర్ల వేగమునకు మించి నేను పోను. ధ్వని విని పడుచువారు వెనుదిరిగి చూచి, పైనున్న తలపాగాను చూచి నిరుత్సాహపడుచుందురు. నోటుపుస్తకమును కూడ ఆమె నాకే ఇచ్చినది. అందు కొన్ని పుటలు ఖాళీగా నున్నవి. మొన్న ఆదివారము చువ్వలు తుడిచి, ఆయన చివరి పంక్తి క్రింద, "గొలుసునకు నూనె, సైలెన్సరు మసి వచ్చే నెల" అని వ్రాసితిని.