నల్లయిసుక - ఊరిబావి



మాది తడ. 2022వ సంవత్సరమున మా మండలము నెల్లూరు జిల్లాను వీడి తిరుపతి జిల్లాలో చేరినది గాని, మా తీరమును, మా యిసుకయు యథాతథముగనే యున్నవి. మాకు ఉత్తరమున చిల్లకూరు, కోట మండలములలో దొరకు తెల్లని సిలికా యిసుక గాజు పరిశ్రమలకును, లోహపు పోతలు పోయు ఫౌండ్రీలకును లారీలకొలది పోవుచుండుట మన మెఱుగుదుము. ఫౌండ్రీలో పని ముగిసిన పిమ్మట నల్లబడి వెలికి వచ్చు ఇసుక యెచ్చటికి పోవునో మాత్రము మనము విచారింపము. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

కరగిన ఇనుము నీటివలె పారును. దానికి రూపము నిచ్చునది అచ్చు. ఉత్త యిసుకతో అచ్చు నిలువదు. రేణువులను పట్టి యుంచుటకు ఒక బంధకద్రవ్యము, అనగా జిగురు, కావలయును. పూర్వము బంకమన్నును నీటిని కలిపి యిసుకను మెదిపెడివారు. కొన్నియెడల బెల్లపు మడ్డియు, అవిసెనూనెయు కలిపెడివారు. శిల్పులు మైనపు బొమ్మపై మెత్తని మట్టిని పూసి, కాల్చి, మైనము కరగిపోయిన తావున లోహమును పోయుదురు. శిల్పశాస్త్రములు దీనినే మధూచ్ఛిష్టవిధాన మన్నవి. ఈ జిగురులన్నియు నేలలో పుట్టి నేలలో కలిసిపోవునవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మనీ దేశీయుడగు యోహానెస్ క్రోనింగు ఒక క్రొత్త మార్గమును కనిపెట్టెను. ఫినాలు, ఫార్మాల్డిహైడు అను రసాయనములతో చేసిన రెజినును ఇసుకకు పట్టించి, వేడిచేసి, పెంకువంటి గట్టి అచ్చు చేయుట ఆ మార్గము. పిమ్మట ఫ్యూరాను రెజినులు, ఐసోసయనేటుతో చేయు యురేథేను జిగురులు వచ్చినవి. వీనివలన అచ్చు శీఘ్రముగ గట్టిపడును. పోత నున్నగ దిగును. మోటారు యంత్రములును, మన పొలములకు నీరు తోడు పంపులును ఇట్టి అచ్చులనుండి వచ్చుచున్నవి. కావున ఈ విద్యను దూషించుట నా యుద్దేశము కాదు.

అయినను ఒక సంగతి గమనింపుడు. కరగిన ఇనుము పోసినపుడు దాని నంటియున్న ఇసుకలోని జిగురు కాలిపోవును. దూరముగనున్న ఇసుకకు అంత వేడి తగులదు. అచ్చటి జిగురు సగము కాలియు, కాలకయు మిగిలిపోవును. అట్టి యిసుకను బయట కుప్పపోసినచో వాననీరు దానిలోని ఫినాలును కడిగి క్రిందికి దింపును. ఫ్యూరాను ఇసుకలో కలిపెడి ఆమ్లము లోహములను సయితము కరగించి తీసికొనిపోగలదు. జిగట రేగడినేల కొంత యడ్డగించును. ప్రళయకావేరి యని పెద్దలు పిలుచు పులికాటు సరస్సు చెంత మనది యిసుకనేల. ఊటనీరు కొలది లోతుననే యుండును. పైన పోసినది బావిలో తేలుటకు ఎక్కువ కాలము పట్టదు.

నేను ఉపాధ్యాయుడుగ నున్న దినములలో ఒక గ్రామమున బడి యాటస్థలము ప్రతి వానకాలమును మడుగయ్యెడిది. ఒక ఫౌండ్రీవారు నల్లయిసుకను ఉచితముగ తోలించెద మనిరి. ఊరిపెద్దలు, "అయ్యవారూ, తమరేమందురు?" అని నన్నడిగిరి. "ఇసుకయే కదా, తోలింపుడు" అంటిని. రెండు వానకాలములు గడచునప్పటికి ప్రక్కనున్న బావినీట ఒక మందువాసన పుట్టినది. పంచాయతివారు బ్లీచింగు పొడి వేయించిరి. వాసన తగ్గుటకు బదులు హెచ్చినది! ఫినాలుతో క్లోరిను కలిసినచో క్లోరోఫినాలులు పుట్టుననియు, వాని వాసన మఱింత తీక్ష్ణమనియు నాకు పిదప తెలిసినది. ఫినాలు అనగా వెనుకటి ఆసుపత్రులలో వాసనకొట్టు కార్బాలిక్ ఆమ్లమే. నీటిని పరీక్ష చేయింపగా ఫినాలు హద్దు మీఱినట్లు తేలినది. బావిని మూసివేసిరి. బడిపిల్లలు చాలకాలము దూరమునుండి నీరు మోసిరి. ఇసుక తోలినవారి తప్పు ఎంతయైనను ఉండనిండు. అడుగవలసిన ప్రశ్నను అడుగకుండ తల యూపినవాడను నేను.

ఆ హద్దు ఎంతటిదో చెప్పెదను. 2012వ సంవత్సరపు భారతీయ ప్రమాణము ననుసరించి త్రాగునీట ఫినాలు లీటరునకు 0.001 మిల్లీగ్రామునకు మించరాదు. అనగా వేయి లీటర్లలో ఒక్క మిల్లీగ్రాము. వేఱు నీరు దొరకనిచోట 0.002 వఱకు సహింపవచ్చును. ఫార్మాల్డిహైడు మనుష్యులకు పుట్టకురుపు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది.

అట్లని నల్లయిసుక యంతయు విషమని భయపడవలదు. ఇనుము, ఉక్కు, అల్యూమినియము పోతల సిలికా యిసుకను పరిశీలించి, దానిని రోడ్ల అడుగున, మట్టి మిశ్రమములలో వాడవచ్చునని అమెరికా పర్యావరణ సంస్థ 2014లో తెలిపినది. సీసము కలిసిన ఇత్తడి, కంచు పోతల యిసుకకు ఆ మాట వర్తింపదు. కావున రంగును చూచి తీర్పు చెప్పరాదు, పరీక్షించి చెప్పవలయును.

గ్రామపెద్దలారా! ఎవరైన ఉచితముగ ఇసుక తోలెదమని వచ్చినపుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. ఏ లోహపు పోతలోని యిసుక యిది? ఏ జిగురు కలిపిరి? నీటిలో నానబెట్టి పరీక్షించిన పత్ర మేది? రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కలదా? ప్రమాదకరమైన వ్యర్థమును అనుమతిలేనివారికి అప్పగింపరాదని 2016వ సంవత్సరపు కేంద్రనియమములు చెప్పుచున్నవి. పత్రము చూపినను, బావిచెంతను, చెఱువుగట్టునను, కాళంగి యొడ్డునను మాత్రము పోయనీయకుడు.

మడుగైన ఆటస్థలమును మంచి మట్టితో ఏడాది తరువాతనైనను మెరక చేసికొనవచ్చును. చెడిన ఊట ఎన్నేండ్లకు బాగుపడునో చెప్పజాలము. నేను అడుగని ప్రశ్నను మీరు అడిగెదరుగాక. సెలవు.